బుక్ సూపర్, కానీ తాత యూనిట్ తప్పు రాసారు – 3 స్టార్లు

పెద్దవాళ్ళ లైఫ్ స్టోరీ రికార్డ్ చేసి ఫోటోలతో బుక్ చేసిస్తారని విని మా తాత కోసం వీళ్ళ దగ్గర ఆర్డర్ పెట్టాం, యాప్రాల్‌లో మా ఇంటికే వచ్చి మాట్లాడించారు, ఆ వచ్చినమ్మాయి మాత్రం చాలా ఓపిగ్గా అడిగింది, మా నానమ్మతో కూడా నవ్వుతూ మాట్లాడించింది, ఆ క్రెడిట్ ఆమెకి ఇవ్వాల్సిందే. పేపర్ క్వాలిటీ, బైండింగ్, పాత ఫోటోలు క్లీన్ చేసిన పని, దేనికీ వంక పెట్టలేం.

లొల్లంతా ఆర్మీ చాప్టర్ దగ్గర మొదలైంది. తాత మద్రాస్ సాపర్స్, అంటే ఇంజినీర్స్, బెంగుళూరు సెంటర్. 71 పాకిస్తాన్ వార్‌లో 9 ఇంజినీర్ రెజిమెంట్‌తో వెస్ట్ బోర్డర్‌లో షకర్‌గఢ్ వైపు ఉన్నాడు, బసంతర్ నది దగ్గర మైన్‌ఫీల్డ్‌లో ట్యాంకులకి దారి చేసిన వాళ్ళలో ఒకడు. ఫస్ట్ ప్రూఫ్ తెరిస్తే "మద్రాస్ రెజిమెంట్ సిపాయిగా 1971 డిసెంబర్ 16న ఢాకాలో" అని ఉంది, పక్కనే లొంగుబాటు సంతకాల ఫోటో ఫుల్ పేజీ! ఆ తేదీ చూసి ఢాకా అనేసుకున్నారేమో, అదే రోజు బసంతర్ దగ్గర కూడా ఘోరమైన ఫైట్ జరుగుతోంది, పూనా హార్స్ అనే ట్యాంక్ రెజిమెంట్ ఆఫీసర్, పరమవీర చక్ర అరుణ్ ఖేత్రపాల్ చనిపోయింది ఆ రోజే. తాతకి ఉన్నది వెస్ట్ వైపు చేసినవాళ్ళకి ఇచ్చే పశ్చిమీ స్టార్ మెడల్, ఈస్ట్ వైపు చేసినవాళ్ళకి ఇచ్చేది పూర్వీ స్టార్, ఆ మెడల్ ఫోటో తీసింది కూడా వీళ్ళే, అయినా ఎవరికీ డౌట్ రాలేదు.

ఫోన్ చేసి చెప్తే మార్చి పంపారు. ఢాకా పోయింది, బసంతర్ వచ్చింది, కానీ ఈసారి తాత యూనిట్ "16 మద్రాస్" అని, అంటే మద్రాస్ రెజిమెంట్‌లో ఒక బెటాలియన్. అదేంటండీ అంటే మేనేజర్ గారు "సార్, మేం చెక్ చేసాం, బసంతర్‌లో మద్రాస్ రెజిమెంట్ ఉంది" అన్నాడు. ఉంది, కాదన్నదెవరు? 16 మద్రాస్ అక్కడ బ్రహ్మాండంగా పోరాడింది, సరజ్ చక్ పట్టుకుంది వాళ్ళే, కానీ అది ఇన్ఫాంట్రీ, అంటే కాల్బలం, దాని సెంటర్ నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో. రెండిట్లో మద్రాస్ ఉన్నంత మాత్రాన ఒకటైపోతాయా? ఇలాంటి తప్పే ఎక్కువ డేంజర్ అనిపించింది నాకు, ఢాకా అంటే మా ఇంట్లో పిల్లలు కూడా పట్టేస్తారు, ఇది మాత్రం నిజంలాగే ఉంటుంది, రేపు మనవళ్ళు చదివి అదే నమ్ముతారు. పైగా ఆ వార్‌లో తాత యూనిట్ ఉన్న 54 ఇన్ఫాంట్రీ డివిజన్‌ని "54 రెజిమెంట్" చేసారు, డివిజన్ అంటే ఎన్నో యూనిట్లు కలిసిన పెద్దది, మన సికింద్రాబాద్ డివిజన్ అండీ అది, మీ ఆఫీసున్నదే తిరుమలగిరిలో, చుట్టూ రిటైర్డ్ ఫౌజీలే, పక్కింట్లో అడిగినా చెప్పేవాళ్ళు.

వీటన్నిటికంటే తాతకి ఎక్కువ కోపం వచ్చింది ర్యాంక్ దగ్గర. హవల్దార్‌గా రిటైరైన మనిషిని దానికంటే చాలా పై ర్యాంకైన సుబేదార్ మేజర్ చేసారు. గౌరవంగా ఉంటుందనుకున్నారో ఏమో తెలీదు. "నాకు లేని ర్యాంక్ నాకెందుకురా, మా వాళ్ళు చూస్తే నేనే చెప్పుకున్నా అనుకుంటారు" అని ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చివరికి డిశ్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డర్ జిరాక్స్‌లు పట్టుకుని నేనే వెళ్ళి కూర్చున్నా, 71 వార్‌కి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ కూడా తీసుకెళ్ళి దాని అంచు మీద చెక్కిన నంబరు, పేరు చూపించా. అప్పుడు ఆ అమ్మాయే ముందుకొచ్చి లైన్ లైన్‌గా సరిచేసింది, సిపాయి తీసి, ఇంజినీర్స్‌లో జవాన్‌ని పిలిచే సాపర్ అని పెట్టింది, నది దగ్గర రాత్రి పని గురించి తాత చెప్పిన మాటలు రికార్డింగ్‌లోంచి మళ్ళీ విని ఇంకో పేజీ కలిపింది. నిజం చెప్పాలంటే ఆ పేజీయే బుక్కంతటికీ హైలైట్. అంటే మెటీరియల్ మొదట్నుంచీ వాళ్ళ దగ్గరే ఉంది, రాసినవాళ్ళు రికార్డింగ్ పూర్తిగా వినలేదంతే.

కానీ వాళ్ళ తప్పుకి "ఎక్స్‌ట్రా కరెక్షన్ ఛార్జ్" అని మా దగ్గర వసూలు చేసారు, అది మాత్రం అన్యాయం.

ఫౌజీల కోసం చేయించేవాళ్ళు మొదటి రోజే డిశ్చార్జ్ బుక్ కాపీ చేతిలో పెట్టండి, యూనిట్, ర్యాంక్, ఏ వైపు సర్వీస్ చేసారు అనేవి ఒక కాగితం మీద రాయించి పెద్దాయనతోనే సంతకం చేయించండి, ఆ తర్వాతే డిజైన్ మొదలుపెట్టమనండి. సివిల్ ఉద్యోగాలు చేసినవాళ్ళకైతే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు, మా పక్కింటి టీచర్ గారి బుక్ ఒక్క తప్పు లేకుండా వచ్చింది. పార్కింగ్ లేదు, బండి మీద వెళ్తే బెటర్. ఆ ఛార్జ్ తిరిగిస్తే ఇంకో స్టార్ ఇస్తా.