పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్‌లతో ఎనిమిదేళ్లు: ఒక చిన్న కార్యాలయపు మెయిల్ సర్వర్ అనుభవం

విజయవాడలోని మా ప్రచురణ కార్యాలయానికి 2017 చివర్లో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాం. అప్పటి నుంచి దాని బాగోగులు నేనే చూస్తున్నాను. నలభై పైచిలుకు మెయిల్‌బాక్సులు, డెబియన్ లినక్స్ మీద నడిచే ఒక అద్దె సర్వర్, మెయిళ్లు పుచ్చుకోవడానికీ పంపడానికీ పోస్ట్‌ఫిక్స్, వాటిని భద్రపరచి ఉద్యోగుల ఫోన్లకూ కంప్యూటర్లకూ అందించడానికి డవ్‌కాట్: ఇదే మా ఏర్పాటు. ఇన్నేళ్లలో పోస్ట్‌ఫిక్స్ ఒక్కసారి పుచ్చుకున్న మెయిల్‌ను పోగొట్టడం నేను చూడలేదు. "మెయిల్ చేరలేదు" అని ఎవరు వచ్చినా, దానికి కారణం లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులను రాసుకునే ఫైలులో, ఎక్కడో ఒక పంక్తిలో రాసి ఉండేది. ఆ పంక్తిని ఓపికగా చదవడం అలవాటైతే ఈ సర్వర్‌ను నడపడం కష్టం కాదన్నది నా అనుభవం.

సెండ్‌మెయిల్ అనే పాత మెయిల్ సర్వర్ ప్రోగ్రాంకు ప్రత్యామ్నాయంగా వీట్సె వెనెమా ఐబీఎం పరిశోధన విభాగంలో ఉండగా రాసిన పోస్ట్‌ఫిక్స్ 1998 డిసెంబరులో బయటికి వచ్చింది. ఇది ఒకే పెద్ద ప్రోగ్రాం కాదు. బయటి నుంచి వచ్చే మెయిల్‌ను పుచ్చుకునేది ఒకటి, పంపాల్సిన మెయిళ్ల వరసను, అంటే క్యూను, చూసుకునేది ఒకటి, బయటికి పంపేది మరొకటి, ఇలా చిన్న చిన్న ప్రోగ్రాములు ఎవరి పని వారు చేసుకుంటాయి. ప్రతి మెయిల్‌కూ ఒక క్యూ నంబరు పడుతుంది కాబట్టి, లాగ్‌లో ఆ నంబరును వెతికితే ఆ మెయిల్ ఎప్పుడు వచ్చింది, ఎవరి చేతికి వెళ్లింది, అవతలి సర్వర్ ఏమని జవాబిచ్చింది అన్నదంతా వరసగా కనిపిస్తుంది. జవాబు 4తో మొదలైతే అది తాత్కాలికం, పోస్ట్‌ఫిక్స్ మళ్లీ ప్రయత్నిస్తుంది; 5తో మొదలైతే శాశ్వత తిరస్కారం, మెయిల్ పంపినవారికే తిరిగి వస్తుంది. ఈ ఒక్క తేడా తెలుసుకున్న తర్వాత నా పని సగానికి తగ్గింది.

మాకు మొదట ఎదురైన చిక్కు అటాచ్‌మెంట్ల పరిమాణం. ఒక సాయంత్రం మా డీటీపీ ఆపరేటరు ముఖచిత్రం పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపబోతే 552 అంకెతో తిరస్కారం వచ్చింది. "ఫైలు ఎనిమిది ఎంబీయే కదండీ, పది దాకా పంపొచ్చన్నారుగా?" అని అతను అడిగాడు. పోస్ట్‌ఫిక్స్‌లో సహజంగా ఉండే పరిమితి 1,02,40,000 బైట్లు. కానీ అటాచ్‌మెంటు మెయిల్‌లో వెళ్లడానికి బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారినప్పుడు మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది కాబట్టి, ఎనిమిది ఎంబీల ఫైలు ఆ గీత దాటిపోతుంది. నేను వెంటనే మెసేజ్ సైజ్ లిమిట్‌ను 5,24,28,800కు పెంచాను. ప్రెస్సుకు ఫైలు చేరింది, అందరం ఇళ్లకు వెళ్లాం. మర్నాడు ఉదయం మాత్రం, రాత్రి బ్యాకప్ ముగిసిందని సర్వర్ నిర్వాహక ఖాతా అయిన రూట్ పేరిట రోజూ వచ్చే నివేదిక రాలేదు.

లాగ్ చూస్తే, స్థానిక మెయిల్‌ను అందించే ప్రోగ్రాం లేస్తూనే ఆగిపోతోంది: మెయిల్‌బాక్స్ పరిమితి మెసేజ్ పరిమితి కంటే తక్కువగా ఉందని దాని ఫిర్యాదు. డెబియన్ ఇచ్చే సెట్టింగుల ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్‌లో మెయిల్‌బాక్స్ సైజ్ లిమిట్‌ను సున్నాగా, అంటే పరిమితి లేనట్టుగా, రాసి ఉంచుతారు. మెయిన్ డాట్ సీఎఫ్‌ను శుభ్రం చేస్తున్నాననుకుని నేను కొన్నాళ్ల ముందే ఆ పంక్తిని తీసివేయడంతో పోస్ట్‌ఫిక్స్ సొంత విలువ 5,12,00,000 అమల్లోకి వచ్చింది. ఆ పంక్తి తిరిగి రాసి, క్యూను కదిలించగానే ఆగిన నివేదిక వచ్చేసింది. ఒక విలువను మార్చే ముందు, సెట్టింగులను చూపించే పోస్ట్‌కాన్ఫ్ ఆదేశంతో దానికి సంబంధించిన మిగతా విలువలన్నీ చూసుకోవడం ఆ రోజు నుంచి మొదలుపెట్టాను.

పోస్ట్‌ఫిక్స్ సహజ విలువల్లో నాకు నచ్చనిది ఒకటుంది. చేరని మెయిల్‌ను అది 5 రోజుల దాకా క్యూలో ఉంచి ప్రయత్నిస్తూనే ఉంటుంది, అది మంచిదే. కానీ ఆలస్యమవుతోందన్న మాట పంపినవారికి చెప్పదు. మా సంపాదకురాలు ఒక రచయితకు ఆఖరి ప్రూఫులు పంపుతూ డొమైన్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారు. ఆ తప్పు పేరుతోనూ ఎవరిదో డొమైన్ ఉంది గానీ, అక్కడ మెయిల్ అందుకునే సర్వరే లేదు. ఆ మెయిల్ తిరిగి వచ్చేసరికి పుస్తకం అచ్చుకు వెళ్లాల్సిన రోజు దాటిపోయింది. డిలే వార్నింగ్ టైమ్‌ను అప్పుడే 4 గంటలుగా పెట్టాను. కొత్తగా సర్వర్ పెట్టేవారు ఈ పంక్తిని మొదటి రోజే రాసుకోవాలని గట్టిగా చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిప్పలు పెట్టిన సమస్య సర్వర్ లోపలిది కాదు, డీఎన్ఎస్‌ది, అంటే డొమైన్ పేర్లనూ ఇంటర్నెట్ చిరునామాలనూ జతచేసే వ్యవస్థది. కొత్త అద్దె సర్వర్‌కు మారిన వారంలో, ఒక పెద్ద మెయిల్ సంస్థలోని చిరునామాలకు పంపినవి కొన్ని చేరుతున్నాయి, కొన్ని 550తో తిరిగి వస్తున్నాయి. పంపేది అదే మనిషి, అందుకునేదీ అదే మనిషి. మెయిల్ నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందని అవతలివారు తేల్చుకోవడానికి వాడే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు రెండుసార్లు సరిచూశాను, తప్పేమీ దొరకలేదు. చివరికి లాగ్‌లో చేరినవాటినీ తిరిగి వచ్చినవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తిరిగి వచ్చినవన్నీ ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ చిరునామాల) దారిలో వెళ్లినవే. పోస్ట్‌ఫిక్స్ రెండు దారులనూ సమానంగా చూసి ఏదో ఒకటి ఎంచుకుంటుంది; మాకేమో పాత రకమైన ఐపీవీ4 చిరునామాకు మాత్రమే పీటీఆర్ రికార్డు, అంటే చిరునామాను బట్టి సర్వర్ పేరు చెప్పే డీఎన్ఎస్ నమోదు, ఉంది. అది లేని చిరునామా నుంచి వచ్చినవాటిని ఆ సంస్థ తిరస్కరిస్తోంది. ఐనెట్ ప్రోటోకాల్స్ అనే సెట్టింగును ఐపీవీ4కు పరిమితం చేసి, పోస్ట్‌ఫిక్స్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఈ మార్పుకు రీలోడ్, అంటే నడుస్తుండగానే సెట్టింగులను మళ్లీ చదివించడం, సరిపోదు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు తమకు మెయిల్ పంపేవారందరికీ నిబంధనలు బిగించి, పెద్ద సంఖ్యలో (గూగుల్ లెక్కలో రోజుకు 5,000, అంతకు మించి) పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లతో పాటు, ఆ తనిఖీల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా పెట్టుకోవాలన్నాయి. మేము అంత పంపకపోయినా మూడూ ఉంచాం. 2048 బిట్ల డీకిమ్ తాళం, డీఎన్ఎస్ టెక్స్ట్ రికార్డులో ఒక ముక్కకు ఉండే 255 అక్షరాల హద్దులో పట్టదు కాబట్టి దాన్ని ముక్కలుగా రాయాలన్నది గుర్తుంచుకుంటే, ఇందులో పెద్ద కష్టం లేదు.

డవ్‌కాట్ గురించి చెప్పుకోవడానికి చాలా ఏళ్లపాటు ఏమీ లేకపోయింది, అదే దానికి నేనిచ్చే మెప్పు. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ భద్రతా సర్టిఫికెట్ మారిన ప్రతిసారీ డవ్‌కాట్‌ను రీలోడ్ చేయాలి; లేకపోతే అది పాత సర్టిఫికెట్‌నే చూపిస్తుంటుంది. పోస్ట్‌ఫిక్స్ ప్రోగ్రాములు కాసేపు పనిచేసి ముగిసి మళ్లీ పుడుతుంటాయి కాబట్టి వాటికి ఆ అవసరం రాలేదు. అసలు పరీక్ష 2025లో డెబియన్ 13కు మారినప్పుడు ఎదురైంది. అందులో వచ్చే డవ్‌కాట్ 2.4లో సెట్టింగుల రాత పద్ధతే మారింది, 2.3 నాటి ఫైళ్లతో అది మొదలే కాదు. ఇది ముందే చదివి, కొత్త ఫైళ్లు వేరే యంత్రం మీద రాసి పెట్టుకున్నా, ఆదివారం రాత్రి అసలు సర్వర్ మీద ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సాకెట్ దారి ఒకటి తప్పు రాయడంతో డవ్‌కాట్ రెండు గంటలు లేవలేదు. లాగిన్ పని కూడా దానిదే కాబట్టి ఆ సమయంలో మావాళ్లెవరూ మెయిల్ పంపలేకపోయారు. బయటి నుంచి వచ్చేవాటిని మాత్రం పోస్ట్‌ఫిక్స్ ఎప్పటిలాగే పుచ్చుకుని, అందించే చోటు లేక క్యూలో పెట్టుకుంటూ వచ్చింది. డవ్‌కాట్ లేచేసరికి అరవైకి పైగా పోగయ్యాయి. క్యూను కదిలించే ఆదేశం ఇచ్చి లాగ్ చూస్తూ కూర్చున్నాను; ఒక్కొక్క నంబరు పక్కన "సెంట్" అని పడుతూ పోయింది, నిమిషం తిరగకముందే క్యూ ఖాళీ అయింది.