కేజ్‌లో రోహు పిల్ల: ఘనపు మీటరుకు వందా, మూడొందలా?

రిజర్వాయర్‌లో వదలాలంటే చేప పిల్ల 80–100 మిల్లీమీటర్లకు రావాలి. అంతకన్నా చిన్నదైతే కొర్రమీను, వాలుగల పాలవుతుంది. నర్సరీ చెరువు లేనిచోట ఆ సైజును కేజ్‌లోనే, అంటే నీటిలో కట్టిన వల పంజరంలోనే, తీయొచ్చు. 6×4×4 మీటర్ల కేజ్‌లో మీటరు వల నీటిపైన ఉంటే లోపల ఉండేది 72 ఘనపు మీటర్ల నీరు. అందులో వంద చొప్పున 7,200 పిల్ల పడుతుంది, మూడొందల చొప్పున 21,600.

వంద చొప్పున వేస్తే పిల్ల త్వరగా, ఒకే సైజులో ఎదుగుతుంది. కానీ వల, పడవ, కాపలా ఖర్చు అంతే ఉండి చేతికొచ్చే పిల్ల మూడో వంతే.

మూడొందలైతే మొదట్లో ఇబ్బందే కనిపించదు. గ్రాము పిల్ల అంతా కలిపినా 21.6 కిలోలే. పిల్ల 10 గ్రాములకు వస్తే అది 216 కిలోలవుతుంది, చిక్కంతా అక్కడ. కిలో పిల్ల గంటకు సుమారు అర గ్రాము ఆక్సిజన్ పీల్చుకుంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), కేజ్‌లో నీరు మారకపోతే గంటా ఇరవై నిమిషాల్లో 3కి పడిపోతుంది. వంద చొప్పున వేసిన కేజ్‌లో అదే పతనానికి నాలుగు గంటలు పడుతుంది.

నీరు మారకపోవడమంటే గాలి లేని రాత్రి ఒక్కటే కాదు. 4 మిల్లీమీటర్ల కన్ను వల పది రోజుల్లో పాచి పడుతుంది. పైకెత్తితే జిగురుగా, బరువుగా వస్తుంది, కళ్లలోంచి వెలుతురు కనబడదు. తెల్లవారుజామున పిల్ల పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి, ముందు వల మార్చండి. రోజూ బరువులో 5 శాతం మేతంటే 10.8 కిలోలు. కిలో మేతకు దాదాపు 30 గ్రాముల అమ్మోనియా చొప్పున, ఆ మురుగూ పాచి పట్టిన వల దాటి పోలేదు. ఒత్తుగా ఉన్నచోట బలమైన పిల్ల మేత లాక్కుంటుంది, మిగతాది గిడసబారుతుంది.

మా ఓటు రెండు దశలకు: మూడొందలతో మొదలుపెట్టి, శాంప్లింగ్‌లో (కొన్నిటిని పట్టి తూచినప్పుడు) సగటు 4–5 గ్రాములు రాగానే రెండు కేజ్‌లకు నూటయాభై చొప్పున విడగొట్టడం. ముందురోజు మేత ఆపండి. ఎండెక్కకముందే గ్రేడర్‌తో పెద్దదీ చిన్నదీ వేరుచేయండి. 100 లీటర్లకు 2 కిలోల ఉప్పు కలిపిన నీటిలో నిమిషం ముంచి వదలండి, పక్కకు ఒరిగితే వెంటనే తీసేయండి. రెండో కేజ్ లేనివాళ్లు మొదటే నూటయాభైకి మించొద్దు.

ఇయర్లింగ్స్ (ఏడాది వయసు పిల్ల) కోసం కావాలనే ఒత్తుగా వేసి గిడసబార్చే గోదావరి జిల్లాల చెరువు రైతుల లెక్క వేరు.