చిన్న బృందంతో చైనా: కొన్నేళ్లు తిరిగాక నా సమీక్ష

పన్నెండు మందికి మించని బృందం, వెంట ఆ ఊరి గైడు, రోజుకు ఒకటో రెండో చూడదగిన చోట్లు, మిగతా సమయమంతా సంతల్లో, పార్కుల్లో, చిన్న హోటళ్లలో. షాంఘైలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా చైనాలో ఇలాగే తిరిగాను. హైదరాబాద్ వచ్చేశాక కూడా వెళ్లినప్పుడల్లా ఇదే పద్ధతి. కూరగాయలు బేరమాడే పాటి చైనీస్ నాకు వచ్చు. కానీ సిచువాన్ పల్లెల్లో పెద్దవాళ్లు మాట్లాడే యాస అందుకోవడం నావల్ల కాదు, అందుకే గైడు కావాలి. వేర్వేరు సంస్థలతో వెళ్లాను కాబట్టి ఇది ఏ ఒక్క సంస్థ మీదా కాదు, ఈ తరహా ప్రయాణం మీద సమీక్ష. పెద్ద బస్సు ప్యాకేజీతో పోలిస్తే నాకు దాదాపు రెట్టింపు ఖర్చయింది. ఆ ఖర్చు దండగ కాదని నమ్మకంగా చెప్పగలను. అయితే దాని ఫలితం దక్కేది ప్రకటనల్లో చూపించే చోట కాదు.

ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది ‘స్థానిక కుటుంబంతో భోజనం’. నాకు అన్నిటికంటే తక్కువ నచ్చింది అదే. బీజింగ్‌లో హుతోంగ్ అనే పాత సందుల్లో ఒక ఇంటికి తీసుకెళ్లారు. ఇంటావిడ మాతో జియావ్‌జి (కూరిన పిండితో చేసే కుడుముల్లాంటివి) చేయించారు, కుటుంబ కథ చెప్పారు, గోడ మీది ఫొటోలు చూపించారు. మేం చెప్పులు వేసుకుంటుండగానే తర్వాతి బృందం గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ వంటకు వంక పెట్టలేను, ఆదరణకూ పెట్టలేను. కానీ మేం చూసింది ఆవిడ ఉద్యోగాన్ని. ఆవిడ రోజువారీ జీవితం మేం వెళ్లాక మొదలవుతుంది.

మర్నాడు ఉదయం అదే ఊళ్లో జరిగింది వేరు. తియాన్‌తాన్‌లో 1420లో పూర్తయిన గుడిని చూడటానికి లోకమంతా వస్తుంది. మా గైడు మాత్రం ఆరున్నరకే తీసుకెళ్లింది, గుడి కోసం కాదు, చుట్టూ ఉన్న పార్కు కోసం. ఆ వేళకు అక్కడ ఉండేది పింఛనుదార్లే. ఈకలు కట్టిన బిళ్లను కాలితో ఎగరేసి ఒకరికొకరు అందించుకునే ఆడవాళ్లు, పొడవాటి వసారాలో పేకాట, చెట్ల కింద బృందగానం. ఒక పెద్దాయన నడుమెత్తు కుంచెను బకెట్లో ముంచి, రాతి పలకల మీద నీళ్లతో అక్షరాలు రాస్తున్నారు. నాలుగో వరుస రాసేలోపే మొదటి వరుస ఆరిపోతోంది. ఏ దేశమని అడిగారు. ఇండియా అనగానే ఒక్క క్షణం ఆలోచించి, మూడు అక్షరాలు రాసి గైడు వైపు చూశారు. ఆమె చదివింది: కె దిహువా. 1938లో వైద్య బృందంతో చైనాకు వచ్చి, జపాన్‌తో యుద్ధంలో గాయపడినవారికి చికిత్స చేస్తూ 1942లో అక్కడే కన్నుమూసిన షోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌కు చైనాలో ఉన్న పేరు అది. ఆ పెద్దాయన చిన్నప్పుడు బడిలో విన్నారట. ఆయనతో అరగంట మాట్లాడాం. నలభై మంది చుట్టూ మూగి ఉంటే ఆయన కుంచె సర్దుకుని వెళ్లిపోయేవారు. చిన్న బృందం అవసరం అక్కడ తెలుస్తుంది.

నన్ను పూర్తిగా ఈ పద్ధతికి కట్టిపడేసింది సిచువాన్ రాజధాని చెంగ్దు. రెన్‌మిన్ పార్కులో 1923 నుంచి నడుస్తున్న హెమింగ్ టీశాలలో వెదురు కుర్చీలు వేసి ఉంటాయి. మూత ఉన్న కప్పులో టీ ఇస్తారు, వేడినీళ్లు ఎన్నిసార్లయినా పోస్తారు. చెవులు శుభ్రం చేసేవాళ్లు ఇనుప పట్టకారును టింగుమని మోగిస్తూ కుర్చీల మధ్య తిరుగుతుంటారు. మంచి గైడు అక్కడ మధ్యాహ్నం రెండు గంటలు ఏమీ చూపించకుండా కూర్చోబెడుతుంది. కాసేపటికి పక్క బల్ల వాళ్లే పలకరిస్తారు. జీతం ఎంత, పిల్లలెందరు, ఇల్లు సొంతమా అని మొహమాటం లేకుండా అడుగుతారు. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర పరిచయాలు జరిగినట్టే ఉంటుంది.

అదే ఊళ్లో మసాలా దినుసుల టోకు బజారుకు వెళ్లడం మా కార్యక్రమంలో లేదు. మాది మిరపకాయల సీమ అని భోజనాల దగ్గర మాటవరసకు చెబితే, గైడు మర్నాడు దారి మార్చి అటు తీసుకెళ్లింది. మనిషెత్తు పేర్చిన బస్తాలు, తుమ్ములు ఆగని ఘాటు. దుకాణదారు ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు నా చేతిలో పోశాడు. సన్నగా, ముదురు ఎరుపులో, తొడిమ తీసినవి. చూడగానే గుర్తుపట్టాను: తేజ రకం. గుంటూరు, ఖమ్మం యార్డుల నుంచి చైనాకు పెద్దఎత్తున వెళ్లేది ఇదే. రంగుకూ వాసనకూ తమ అర్‌జింగ్‌తియావ్ కాయ, మంటకు ఇండియా కాయ, రెండూ కలిస్తేనే హాట్‌పాట్ (బల్ల మీదే మరిగే ఘాటు పులుసు) అని అతను వివరించాడు. తర్వాత అతను అడిగిన ప్రశ్నలు యార్డులో కమిషన్ వ్యాపారి అడిగేవే. ఈ ఏడు పంట ఎలా ఉంది, వానలు పడ్డాయా, తామరపురుగు తగ్గిందా? గైడు పురుగు పేరు దగ్గర తడబడితే ఫోనులో బొమ్మ చూపించి చెప్పుకున్నాం. గుంటూరు రైతు బెంగపడే సంగతి గురించే ఆ మనిషీ బెంగపడుతున్నాడు. అటూ ఇటూ ఒకరి ముఖం ఒకరు చూసే వీలు లేని వ్యాపారం అది. ఆ పది నిమిషాలు నిలబడి మాట్లాడగలిగినందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

దీన్ని బట్టే చెబుతున్నాను, డబ్బు పెట్టవలసింది గైడు మీద. చౌక ప్యాకేజీల్లో గైడు ఆదాయం దుకాణాల కమిషన్ల మీద ఆధారపడుతుంది. అందుకే బస్సు జేడు అనే పచ్చరాళ్ల దుకాణం దగ్గరో పట్టు దుకాణం దగ్గరో ఆగుతుంది. అసాధ్యమైన తక్కువ ధరతో ఆకర్షించి దుకాణాలకు తిప్పడాన్ని 2013 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన పర్యాటక చట్టం నిషేధించింది, అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. చిన్న బృందాలూ దీనికి అతీతం కాదు. ఒకసారి ‘టీ సంస్కృతి పరిచయం’ అన్న గంట కార్యక్రమం చివరికి డబ్బాలు అమ్మడంగా తేలింది. ఆ సంస్థతో మళ్లీ వెళ్లలేదు. బుక్ చేసేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి. దుకాణాల దగ్గర ఆగుతారా, గైడు ఏ ఊరివారు, ఖాళీగా వదిలే సమయం ఎంత? మూడో దానికి సూటిగా జవాబు రాకపోతే మరో సంస్థను చూసుకోవడం మేలు.

గైడు పట్ల మన బాధ్యత కూడా ఉంది. రాజకీయాల మీద పదిమంది ముందు వారిని నిలదీయకండి. వారి కుటుంబం ఆ గైడు లైసెన్సు మీదే ఆధారపడి ఉంది. చెప్పాలనుకున్నది నడుస్తూ నడుస్తూ వాళ్లే చెబుతారు.

భోజనం సంగతి శాకాహారులకు విడిగా చెప్పాలి. కూర పచ్చగా కనిపించినా పంది కొవ్వులో వేయించి ఉండవచ్చు, బీన్స్ వేపుడులో కైమా చల్లి ఉండవచ్చు, మాపో తోఫూ అనే సోయా పనీర్ కూరలో సాధారణంగా మాంసం ఉంటుంది. ‘మాంసం వద్దు’ అంటే చాలదు. గైడు వంటగది దాకా వెళ్లి చెప్పాలి, మంచివాళ్లు విసుక్కోకుండా వెళతారు. బౌద్ధాలయాల పక్కనుండే శాకాహార భోజనశాలల్లో నిశ్చింతగా తినవచ్చు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. గుడ్డు తినేవారికి తియాన్‌జిన్ వీధుల్లో ఉదయం దొరికే జియెన్‌బింగ్ ఉంది. పెసరపిండి పల్చగా పెనం మీద పరిచి, పైన గుడ్డు కొట్టి, ఉల్లికాడలు చల్లి మడిచి ఇస్తారు. పెసరట్టు తిని పెరిగినవారికి అది పరాయి తిండి అనిపించదు. బీజింగ్ నుంచి హైస్పీడ్ రైలులో అరగంట ప్రయాణం.

మిగతావి క్లుప్తంగా. నగదు దాదాపు ఎక్కడా కనిపించదు. మీ వీసా లేదా మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డును బయల్దేరకముందే అలీపే అనే చెల్లింపుల యాప్‌కి జోడించుకోండి. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌వర్కులో పనిచేయవు, మన సిమ్ రోమింగ్‌లో పనిచేస్తాయి. రైలు టికెట్టు పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు కాబట్టి పాస్‌పోర్టు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఈ పద్ధతి సిఫారసు చేయను. వాళ్లకు ఒక ఊళ్లోనే ఉండి, కారుతో సొంత గైడును పెట్టుకోవడం మేలు.

2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరు 26న కోల్‌కతా–గ్వాంగ్‌జౌ సర్వీసుతో మళ్లీ మొదలయ్యాయి కాబట్టి, మన వైపు నుంచి వెళ్లడం మునుపటికంటే సులువైంది. తేదీల ఎంపికలో మాత్రం జాగ్రత్త. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. నేనైతే ఏప్రిల్ మధ్యలోనో అక్టోబరు చివరలోనో వెళతాను.