అంత్యదినాల చార్టు: తొమ్మిది ఆదివారాలు వాడాక

సండే స్కూల్లో 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు పాఠం చెబుతాను. ఈసారి మూడు నెలల పాఠాలూ అంత్యదినాల మీదే, అంటే లోకాంతంలో జరగబోయేవాటి మీద. చార్టు పెట్టుకుంటే పిల్లలకు బాగా ఎక్కుతుందని పాస్టర్‌గారు అనడంతో ఆన్‌లైన్‌లో చూసి తెప్పించాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తున్న వినైల్ షీట్. కొనాలా వద్దా అని చూస్తున్న టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

వస్తువుగా చూస్తే బాగుంది. రంగులు వెలిసిపోలేదు, మడత గీతలు రెండో వారానికే పోయాయి, చివరి వరసలో కూర్చున్న పిల్లలకు కూడా పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఒక్కచోట మాత్రం ప్రాణం ఉసూరుమంది. "పునరుత్థానం" అనాల్సిన చోట "పునరుద్ధానం" అని అచ్చయింది, అదీ రెండుసార్లు. చనిపోయి తిరిగి లేవడమనే ఆ మాట మీదే మన విశ్వాసమంతా నిలబడేది. నేను తెల్ల స్టిక్కర్ అంటించి సరిచేశాను.

బొమ్మ ఎడమవైపు సిలువతో మొదలవుతుంది. తర్వాత సంఘ కాలం, పైకి ఎత్తబడుతున్న విశ్వాసులు, ఏడేళ్ళ శ్రమలు, క్రీస్తు రాకడ, వెయ్యేళ్ళ పాలన, చివరి తీర్పు జరిగే ధవళ మహాసింహాసనం. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి కొత్త ఆకాశం, కొత్త భూమి వైపు, ఇంకొకటి అగ్నిగుండం వైపు. ప్రతి గడి కిందా వచనాల సంఖ్యలు ఇచ్చారు. నేను అన్నీ బైబిల్‌తో సరిచూసుకున్నాను, ఒక్కటీ తప్పు లేదు. ఆ శ్రద్ధకు మెచ్చుకోవాల్సిందే.

అయితే క్రైస్తవులు చెప్పే వరసల్లో ఇది ఒకటి మాత్రమే. ఆ మాట చార్టులో ఎక్కడా లేదు. వెయ్యేళ్ళ ప్రస్తావన బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో ఆరుసార్లు వస్తుంది. అది రాబోయే కాలమని కొందరు, క్రీస్తు మొదటి రాకడ నుంచి ఇప్పుడు నడుస్తున్న సంఘ కాలమేనని కొందరు చదువుతారు. రెండో అర్థం 5వ శతాబ్దంలోనే బిషప్ అగస్టీన్ చెప్పాడు. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనే క్రమాన్ని 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బైబిల్ బోధకుడు బోధించాడు. ఇలాంటి చార్టులకు బాగా పేరు తెచ్చిన క్లారెన్స్ లార్కిన్ బాప్టిస్టు పాస్టర్, అంతకుముందు మెకానికల్ ఇంజనీరు. ఆయన చార్టుల పుస్తకం 1918లో వచ్చింది. ఇంజనీరు చేతి గీత కాబట్టే అంత తీరుగా ఉంటుందేమో అనిపిస్తుంది. మా సంఘం నమ్మేదీ ఈ వరసకు దగ్గరే, అయినా వేరే సంఘాల పిల్లలు వాళ్ళ ఇళ్ళలో ఇంకోలా వింటే కంగారు పడకూడదని నేను ముందే చెప్పేస్తాను.

నాలుగో ఆదివారం ఒక పిల్లాడు లేచి చార్టు దగ్గరికి వచ్చాడు. పదకొండేళ్ళుంటాయి. సిలువ దగ్గర వేలు పెట్టి మెల్లగా కుడివైపుకి జరుపుకుంటూ పోయాడు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, "టీచర్, మా నాన్నమ్మ ఇప్పుడు ఇందులో ఎక్కడుంది?" అన్నాడు.

నేనూ వెతికాను. సంఘ కాలం గడి కింద, గోరంత అక్షరాల్లో, "పరదైసు" అని ఒక్క మాట ఉంది, చనిపోయిన విశ్వాసులు ఉండే చోటు. వాడి వేలు దాని మీద నుంచే వెళ్ళింది, కనిపించలేదు.

ఆ రోజు అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. సిలువ మీద దొంగతో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట చదివాం. పౌలు వెళ్ళిపోయి క్రీస్తుతో ఉండాలని కోరుకున్న ఫిలిప్పీ 1:23 చదివాం. కేథలిక్కులు చనిపోయినవాళ్ళ ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం గురించి చెబుతారు, ఆర్థడాక్స్ వాళ్ళకు ఆ బోధ లేకపోయినా చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తారు, సెవెంత్ డే అడ్వెంటిస్టులు లేపబడే రోజుదాకా మరణం నిద్రేనంటారు అని పెద్ద పిల్లలు అడిగితే చెప్పాను. వాడికి మాత్రం నేను నమ్మేదే చెప్పాను. "నాన్నమ్మ ప్రభువు దగ్గరుంది నాన్నా. ఆ దేహం ఇంకా లేవాలి, దానికోసం తనూ ఎదురుచూస్తోంది." వాడు తలూపి వెళ్ళి కూర్చున్నాడు.

అప్పటి నుంచి చార్టును వేరే కళ్ళతో చూస్తున్నాను. అన్నిటికన్నా ఎక్కువ చోటు అగ్నిగుండానిదే, కుడివైపు కింది మూల అంతా ఎరుపు. అందులో ఉన్నవాళ్ళంతా మనుషులే. మత్తయి 25లో ఆ అగ్ని అపవాదికీ వాడి దూతలకూ సిద్ధపరచబడిందని ఉంది. రాజ్యం మాత్రం లోకం పుట్టినప్పటి నుంచి "మీకొరకు" సిద్ధపరచబడిందని ఉంది. ఇంత పెద్ద తేడాను బొమ్మ మింగేసింది. సింహాసనం మీద కూడా ఉత్త వెలుగే గీశారు. యోహాను 5:22 ప్రకారం తీర్పు కుమారునికి అప్పగించబడింది, అంటే మన ముందు కూర్చునేది మేకులు దిగిన చేతులున్నవాడు. భయపడుతున్న పిల్లకు నేను చూపించాలనుకునేది ఆ చేతులనే.

ఇక మత్తయి 25లోనే తీర్పులో రెండు గుంపులుగా వేరుచేసే గొర్రెలూ మేకలూ ఉన్న గడి అగ్గిపెట్టెంత. ఆకలి, దాహం, పరదేశి, బట్టల్లేనివాడు, రోగి, ఖైదీ, వీళ్ళలో ఒక్కరి బొమ్మా లేదు. అక్కడ రెండు గుంపులూ అడిగే ప్రశ్న ఒకటే, "ప్రభువా, ఎప్పుడు నిన్ను చూశాం?" అని. ఆ అవసరంలో ఉన్నవాళ్ళకు చేసింది, చేయనిది ప్రభువుకేనని రెండు గుంపులకూ తెలియలేదు. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడుకున్నది దీని గురించే, ఒక అమ్మాయి ఇంటికి వెళ్ళేదాకా అదే అడిగింది.

కాబట్టి కొనండి, కానీ చార్టుతో మొదలుపెట్టకండి. నేను వచ్చేసారి మొదటి రెండు వారాలు చుట్టిన చుట్ట విప్పను. మత్తయి 25, మొదటి కొరింథీ 15 బైబిల్‌లోనే చదివిస్తాను. పిల్లలకు టెన్షన్ పెట్టే ఎరుపు మూల చూసేలోపు ప్రకటన 21:4లో కన్నీళ్ళు తుడిచే దేవుణ్ణి వాళ్ళు ఎరిగి ఉండాలి. అచ్చువేసేవాళ్ళకు ఈ మాటలే మెయిల్‌లో రాశాను, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా "పరదైసు" అని పెద్ద అక్షరాలతో రాసిన పసుపు కాగితం ఒకటి సంఘ కాలం గడి మీద అంటించాను. ఆ పిల్లాడు వచ్చి దాని అంచు ఊడకుండా మళ్ళీ గట్టిగా నొక్కి వెళ్ళాడు.