పత్తికట్టె, పల్లిపొట్టు బ్రికెట్లు: బాయిలర్‌కు బాగు, ఊక కలిస్తే తంటా

నల్లగొండ పత్తికట్టె, పాలమూరు పల్లిపొట్టు కలిపి ఒత్తిన 90 మిల్లీమీటర్ల వ్యాసం గల బ్రికెట్లు (పొయ్యిలో కాల్చే గట్టి దిమ్మెలు) మిల్లు బాయిలర్లకు, పెద్ద హోటల్ పొయ్యిలకు చక్కగా పనికొస్తాయి. మంట నిలకడ, పొగ తక్కువ. ఇందులో జిగురు కలపరు. ఒత్తిడికి, వేడికి కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి అదే పట్టునిస్తుంది. అందుకే ఒత్తే ముందు ముడి పొడిలో తేమ 10 శాతం దాటకూడదు. దాటితే లోపలి ఆవిరికి బ్రికెట్ పగిలి, లోడులో పొడే ఎక్కువ మిగులుతుంది.

దింపుకునే ముందు ఒక ముక్క నీళ్లలో వేయండి. గట్టిగా ఒత్తినదైతే వెంటనే మునుగుతుంది. తేలితే వెనక్కి పంపండి.

పల్లిపొట్టు కిలోకు సుమారు 4,000 కిలోకేలరీలు ఇస్తుంది, ఊక 3,000 పైచిలుకే. మిర్యాలగూడ వైపు ఊక దండిగా దొరుకుతుందని కొందరు కలిపేస్తారు, అసలు చిక్కు అక్కడే! ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పొయ్యి కడ్డీలు త్వరగా మూసుకుపోతాయి. పత్తికట్టె వేళ్ల మట్టి కూడా బూడిదతో కలిసి కరిగి గడ్డకడుతుంది. వేళ్లు దులిపి ఆడించిన సరుకే అడగండి.

వానాకాలం పైన పట్టా కప్పితే చాలదు, కింద చెక్కలు వేయాలి. నేల చెమ్మకే బ్రికెట్లు ఉబ్బి విడిపోతాయి.