బ్లాక్‌చెయిన్: ఉత్తర్వు ఇవ్వడం మేలా, బిల్లు దాని ద్వారా చెల్లించడం మేలా?

నిర్మాణ రంగం బ్లాక్‌చెయిన్ (చేరిన అందరికీ కనబడే, రాసినదాన్ని తర్వాత ఎవరూ గుట్టుగా దిద్దలేని డిజిటల్ లెక్కల పుస్తకం) వాడాలంటే ప్రభుత్వం ఏం చేయాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఎటు తిప్పినా రెండు దారులే తేలుతున్నాయి: వాడి తీరాలని ఉత్తర్వు వేయడం, లేదా ప్రభుత్వమే తన పనుల బిల్లులను దాని ద్వారా చెల్లించడం.

ఉత్తర్వును తీసిపారేయలేం. బ్రిటన్ 2011లోనే ముందుగా చెప్పి, 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ పనులకు బిమ్ (కట్టడం వివరాలన్నీ ఉండే డిజిటల్ నమూనాతో పనిచేసే పద్ధతి) తప్పనిసరి చేసింది. అయితే బిమ్ వాడితే డిజైనర్‌కు సొంత పనే తేలికవుతుంది. బ్లాక్‌చెయిన్ అలా కాదు, అందరూ చేరితేనే దానికి విలువ. బలవంతం చేస్తే కాగితాలు స్కాన్ చేసి ఎక్కించి చేతులు దులుపుకుంటారు.

అసలు చిక్కు డబ్బు దగ్గరుంది. స్లాబు పోశారు. 28వ రోజున అదే కాంక్రీటుతో చేసిన నమూనా క్యూబులు పగలగొట్టి బలం చూశారు, ఇంజినీరు సంతకం పెట్టాడు, ప్రధాన కాంట్రాక్టర్‌కు సొమ్ము వచ్చింది. సబ్ కాంట్రాక్టర్ అడిగితే మాత్రం "పైనుంచి ఇంకా రాలేదు". ఆ సొమ్ము తన చేతిలో తిరిగినన్నాళ్లూ లాభమే కాబట్టి, లెక్క అందరికీ కనబడటం పెద్ద కాంట్రాక్టర్‌కు ఎందుకు ఇష్టమవుతుంది? 2018 జనవరిలో బ్రిటన్ నిర్మాణ దిగ్గజం కారిలియన్ కుప్పకూలినప్పుడు మునిగినవాళ్లలో బిల్లులు రాని చిన్న సంస్థలు ఎన్నో. సంతకం పడగానే ఎవరి వాటా వారికి నేరుగా వెళ్లేలా చేయగలిగింది డబ్బిచ్చేవాడే. ప్రాజెక్ట్ బ్యాంకు ఖాతాతోనూ, అంటే ఆ ఒక్క పని కోసమే తెరిచి సబ్ కాంట్రాక్టర్లకు నేరుగా చెల్లించే ఖాతాతోనూ, ఇందులో సగం పని జరుగుతుంది, అది ఒప్పుకోవాలి. మిగతా సగం, అంటే ఎవరు ఎప్పుడు ఆమోదించారన్న రికార్డును తర్వాత ఎవరూ దిద్దకుండా చూడటం, బ్లాక్‌చెయిన్‌ది. క్యూబు రిపోర్టే తప్పుడుదైతే మాత్రం అది చేసేదేమీ లేదు.

అందుకే నా ఓటు రెండోదానికి. ఒక షరతు ఉంది: వివాదం వస్తే చెల్లింపు ఆపే మీట ఉండాలి. బ్రిటన్‌లో 1996 నిర్మాణ చట్టం ప్రకారం అడ్జుడికేటర్ (ఇలాంటి వివాదాలను త్వరగా తేల్చే తటస్థ వ్యక్తి) మామూలుగా 28 రోజుల్లో తీర్పిస్తాడు. చెల్లింపులు నడిపే కోడ్ ఆ తీర్పును అమలు చేయలేకపోతే ఎవరికీ పనికిరాదు.

చట్టబద్ధత కల్పించడం మూడో దారి అని కొందరంటారు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 2017లోనే స్మార్ట్ కాంట్రాక్టులను, అంటే షరతు తీరగానే తమంతట తామే అమలయ్యే కోడ్ రూపంలోని ఒప్పందాలను, గుర్తించింది. చట్టాల్లో మార్పులు సూచించే ఇంగ్లాండ్ లా కమిషన్ కూడా, వీటికి ఇప్పటికే ఉన్న చట్టమే చాలని 2021లో చెప్పింది. అడ్డు అక్కడ లేదు. ఇక రాయితీలు, పైలట్ ప్రాజెక్టులు: నిధులున్నన్నాళ్లే.

మొదలుపెట్టాల్సింది రిటెన్షన్ సొమ్ముతో, అంటే లోపాలు బయటపడితే సరిచేస్తారన్న హామీగా బిల్లులోంచి ఆపి ఉంచే సొమ్ముతో. గడువు ముగిసింది, లోపాలు సరిచేశారు, అంతే షరతు. ఏళ్ల తరబడి ఆ సొమ్ము కోసం తిరిగినవాళ్లకు బ్లాక్‌చెయిన్ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.