పర్లాకిమిడి వైపు పొడుల మిల్లు పెట్టాలంటే: పీఎంఈజీపీ రుణం ఎలా ఉంటుంది?

పీఎంఈజీపీ అంటే కొత్త యూనిట్లకి కేంద్రం సబ్సిడీతో బ్యాంకు ఇచ్చే రుణం. ముందే చెప్పేస్తాం: కొత్తగా, మిషను పెట్టి, పంచాయతీలో మొదలుపెట్టే ఆడవాళ్ళకి ఇంతకంటే మంచి రుణం దొరకడం కష్టం. ఇప్పటికే నడుస్తున్న కొట్టుకైతే అడగనక్కర్లేదు, పాత యూనిట్లకి ఇవ్వరు. వాళ్ళు ముద్రాకి వెళ్ళాలి, లేదా తిండి సరుకైతే చిన్న ఆహార యూనిట్లకున్న కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈకి.

కారం, పసుపు, చోడిపిండి ఆడే యూనిట్ 4 లక్షలనుకోండి. మహిళలు పెట్టాల్సిన సొంత వాటా 5 శాతం, అంటే 20 వేలు. మిగతా 3 లక్షల 80 వేలు బ్యాంకు ఇస్తుంది. పంచాయతీలో సబ్సిడీ 35 శాతం, అంటే లక్షా 40 వేలు. మున్సిపాలిటీలో అయితే 25 శాతమే, 40 వేలు తగ్గిపోతుంది. అందుకే షెడ్డు మున్సిపాలిటీ బయట చూసుకోమని చెప్తాం. గ్రామీణ ప్రాంతమని ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి.

చాలామంది పొరపడేది ఇక్కడే: ఆ లక్షా 40 వేలు చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. దానిమీద వడ్డీ రాదు, అప్పులో అంత మొత్తానికి వడ్డీ వెయ్యరు కూడా. మూడేళ్ళు యూనిట్ నడిస్తేనే అప్పులో జమ అవుతుంది.

ప్రాజెక్టు రిపోర్టులో ఎక్కువ తప్పులు కొటేషన్ దగ్గరే. పల్వరైజర్ (పొడి ఆడే మిషను) ధర ఒక్కటే రాసి జీఎస్టీ, రవాణా, త్రీ ఫేజ్ కనెక్షన్ ఖర్చు వదిలేస్తారు. తరవాత ఆ డబ్బు ఇంట్లోంచే పెట్టుకోవాలి. ఇంకోటి, ఒక్క మిషనుతో సరిపెట్టుకోవద్దు. మిరప ఆడిన దాంట్లోనే చోళ్ళు ఆడితే ఎంత తుడిచినా ఘాటు పోదు, అంబలి గొంతులో మండుతుంది. రెండిటికీ కొటేషన్ పెట్టండి. స్థలం ధర కలపనివ్వరు, షెడ్డు అద్దె మూడేళ్ళ వరకు కలపొచ్చు.

వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనుక్కునే డబ్బు) కింద క్యాష్ క్రెడిట్, అంటే ఒక లిమిట్ దాకా తీస్తూ కడుతూ ఉండే అప్పు, తీసుకుంటే మూడేళ్ళలో ఒక్కసారైనా లిమిట్ పూర్తిగా వాడాలి, సగటున 75 శాతానికి తగ్గకూడదు. లేకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. మార్చి, ఏప్రిల్లో ఏడాదికి సరిపడా ఎండుమిర్చి కొనేటప్పుడు ఆ లిమిట్ దానంతటదే నిండుతుంది. భయపడి పెద్ద లిమిట్ అడిగి వాడకుండా ఉంచుకునేవాళ్ళే దెబ్బతింటారు.

ఇక పేరు గొడవ. పాతపట్నం, టెక్కలి వైపు నుంచి కోడలిగా వచ్చినవాళ్ళకి పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది పూర్తిగా, పాన్‌లో ఇంకోలా. దరఖాస్తుకి ముందే ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం ఒకేలా చేయించుకోండి. తయారీ యూనిట్ 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, అప్పుడు ఆ పాత సర్టిఫికెట్టూ కలవాలి.

ఒక సంగతి చాలామందికి తెలీదు. 2022లో సవరించిన నిబంధనల్లో ఆకాంక్షిత జిల్లాలన్నీ (వెనకబడినవని కేంద్రం గుర్తించినవి) ఆడవాళ్ళలాగే ప్రత్యేక కేటగిరీయే. పర్లాకిమిడి ఉన్న గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి అందులో ఉన్నాయి. అంటే అక్కడ మగవాళ్ళకీ అదే సబ్సిడీ. భర్త వ్యాపారానికి భార్య పేరు పెట్టి ఆమెని అప్పులో ఇరికించనక్కర్లేదు. పైగా ఇంటికి ఒక్కరికే ఇస్తారు, రేపు ఆమె సొంతంగా పెట్టుకుందామంటే దారి మూసుకుపోతుంది.

పొదుపు సంఘంలో ఉండి పచ్చళ్ళు, వడియాలు చేసేవాళ్ళకి ఇంత తతంగం అక్కర్లేదు. పీఎంఎఫ్‌ఎంఈలో సభ్యురాలికి 40 వేల వరకు మూలధనం సంఘం ద్వారా ఇస్తారు, చిన్న పనిముట్లకి, సరుకుకి సరిపోతుంది.

శిక్షణ 2 లక్షల లోపు ప్రాజెక్టుకి అడగరు, 5 లక్షల వరకు ఐదు రోజులు, ఆపైన పది రోజులు. దరఖాస్తుకి, చిన్న పరిశ్రమల నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి రుసుము లేదు. ఉద్యమ్‌లో పాత ప్రారంభ తేదీ మాత్రం వెయ్యొద్దు. ఆ ఒక్క అంకెతో మీ కొత్త మిల్లు కాగితాల్లో పాత యూనిట్ అయిపోతుంది.